బెత్తం వంగిన చోట

గురువారం ఉదయం చెరువుకూ దాని ఒడ్డు బంగళాకూ సర్కారు కావలివాడైన నూర్ అహమ్మద్ పెట్టుకున్న పని ఒక్కటే: బంగళా వరండాలో పడక కుర్చీ వేసుకుని, ఎదురుగా చెరువులో లేని నీళ్లను చూడటం.

ఆ పని అతనికి బాగా వచ్చు. తనకల్లుకు అవతల, రాళ్లగుట్టల నడుమ, తెల్లదొరల కాలంలో కట్టిన ఆ చెరువు వరుసగా వానలు తప్పి ఎండిపోయింది. 1958 ఎండాకాలం నాటికి తూము పక్కన ఒక మడుగు తప్ప, కట్ట నుంచి ఆ అంచు దాకా అంతా పగుళ్లు బారిన మట్టే. అయినా ఎండ పూర్తిగా ఎక్కకముందు, కళ్లు సగం మూసి చూస్తే, ఆ మట్టి మీద ఏదో కదిలేది. గాలికి నీలంగా ఒక చిన్న అల లేచేది. తెల్లటి కొంగ ఒకటి వచ్చి ఆ అల పక్కన నిలబడేది. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేది.

"చూసింది చాలు, చీపురు పట్టు," అంది లోపలి నుంచి అతని భార్య హబీబా. "ఆ కొంగ రేపు గూడా ఉంటాది."

అప్పుడే కట్ట మీద దుమ్ము లేచింది. జీపు వస్తోంది.

దిగినవాడు పెద్ద ఇంజనీరు గారి డ్రైవర్ జిలాన్ బాషా. అతని చేతిలో ఆకుపచ్చ గుడ్డ సంచి ఉంది. మనిషి ఎత్తుకు తక్కువ కాని పొడవు. పసిబిడ్డను దించినట్టు దాన్ని వరండా మీద దించాడు.

"నూరన్నా, నీకు పని తెచ్చినా. ఆదివారం సారు వస్తాండాడు. ఈ బంగళా ఉంచాల్నా తీసేయాల్నా అని చూసిపోతాడంట."

"తీసేయడమంటే ఏందప్పా?"

"తలుపులు, కిటికీలు పీక్కొని పోతారు. నిన్ను యాడికో పంపిస్తారు." జిలాన్ బాషా గొంతు తగ్గించాడు. "అయితే నాకు సారు సంగతి తెలుసు. ఈ మడుగులో ఆయప్పకు ఒక్క చేప పడితే, తీసేసే మాటే ఎత్తడు. ఇది ఆయన గాలం బెత్తం. దారమేమో ఎలకలు కొరికేసినాయి. ముందు తెల్లదొర బెత్తానికి దారం కుదిర్చింది నువ్వేనంట గదా. సారే చెప్పినాడు."

నూర్ అహమ్మద్ తల ఊపాడు. ఊపిన తర్వాత భయపడ్డాడు.

జీపు వెళ్లిపోయాక హబీబా బయటికి వచ్చింది. పెళ్లై వచ్చింది మొదలు ఆమెకు ఈ బంగళా వెనక గదే ఇల్లు. కిటికీలు పీకే మాట ఆమె తలుపు వెనక నుంచి విన్నది.

"దొరకు దారం ఎప్పుడు కుదిర్చినావు నువ్వు?"

"పక్కనుండి చూసినా గదా."

"నేను రైలును గూడా చూసినా. తోలమంటే తోలుతానా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. వయసులో ఉన్నప్పుడు నూర్ అహమ్మద్ ఒక తెల్లదొర వెనక టిఫిన్ బుట్ట మోసుకుని ఈ కట్ట మీద తిరిగాడు. అంతే. కానీ పోయిన చలికాలం పెద్ద ఇంజనీరు ఆ మాటా ఈ మాటా అడుగుతుంటే, బుట్ట సంగతి నోటికి రాలేదు. 'దొర బెత్తానికి దారం కుదిర్చేది నేనే సార్' అన్న మాట వచ్చింది. ఇంజనీరు పొంగిపోయి, ఆ సాయంత్రమంతా అతన్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. ఈ గాలానికి సీసం గుండు ఉండదు. కొసన ఈగలా కట్టిన ఈక ముక్క ఒకటే. దానికి బరువే లేదు. దాన్ని నీళ్ల మీదికి మోసుకుపోవాల్సింది దారం బరువే. ఆ బరువుకు బెత్తం వంగాలి, వంగి మళ్లీ లేవాలి. దారం తేలికైతే బెత్తం నిద్రపోతుంది. బరువైతే దాని నడుం విరుగుతుంది. ఏ బెత్తానికి తగ్గ దారం దానికే.

సంచిలో ఒక చిన్న రేకు డబ్బా కూడా ఉంది. హబీబా మూత తీసి చూసింది.

"ఈగలు. ఈకలతో చేసినవి." ఆమె మూత పెట్టేసింది. "అడిగింటే వంటింట్లోవే ఇచ్చేదాన్ని."

సాయంత్రం నూర్ అహమ్మద్ బెత్తం కింది చక్రానికి గాలిపటం దారం చుట్టి, చెరువులోకి దిగాడు. మడుగు దగ్గరికి పోలేదు. పోతే చేపలు బెదురుతాయి. తుమ్మకంపలకు దారం చిక్కుకుంటుంది కూడా. దూరంగా ఎండిన మట్టి మీద నిలబడి, దొర చేసినట్టే చెయ్యి వెనక్కి తీసి ముందుకు విసిరాడు. బెత్తం కదల్లేదు. దారం సాలెపోగులా గాలిలో కాసేపు తేలి, అతని నెత్తి మీదే వాలింది.

గొర్రెలు తోలుకుపోతున్న ఎర్రప్ప ఆగి చూశాడు. ఎర్రప్పకు కట్ట కింద చేను ఉంది. చేనులో బావి ఉంది. బావిలో ఏడాదిగా కప్పలు కూడా లేవు. నీళ్లు చూసేవాళ్లు పంగల కర్రతో ఒకరు, కొబ్బరికాయతో ఒకరు వచ్చి పోయారు. ఇంత పొడుగు బెత్తంతో వచ్చినవాడు ఎవరూ లేరు.

"పడలేదా నూరూ?" అని అడిగాడు.

నూర్ అహమ్మద్ దారం ధ్యాసలోనే ఉన్నాడు. "యాడ పడతాదన్నా? రవ్వంత గూడా బరువు లేదు."

ఎర్రప్ప తల పంకించాడు. పోయినేడు సరిగ్గా అక్కడే తవ్వితే రాయి తగిలింది. "నేను గూడా అదే అనుకున్యా," అని గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

ఆ సీమలో బావిలో నీళ్లు పడతాయి, గాలానికి చేప పడుతుంది, విసిరిన దారం నేల మీద పడుతుంది. మూడింటికీ ఒకటే మాట. మూడు మాటలు ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చి, నూర్ అహమ్మద్ మేకను కట్టే పగ్గం విప్పి బెత్తానికి కట్టాడు. తేలిక పనికి రాలేదు కనుక బరువు చూద్దామనుకున్నాడు. ఈసారి తూముకు కొంచెం దగ్గరగా దిగాడు. కట్ట మీద ఎర్రప్ప ఉన్నాడు, పక్కన పుల్లన్న అనే రైతు ఉన్నాడు. నిన్నటి సంగతి ఎర్రప్ప ఒక్కడి కడుపులో దాగలేదు.

నూర్ అహమ్మద్ చెయ్యి ఎత్తాడు. పగ్గం లేచింది. బెత్తం విల్లులా వంగింది, ఇంకా వంగింది, దాని కొస వచ్చి నేలను ముద్దు పెట్టుకుంది. లోపలెక్కడో వెదురు సన్నగా మూలిగింది. అతను బెత్తాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పుల్లన్న పరుగున దిగి వచ్చాడు, వెనకే ఎర్రప్ప. "ఈడ పడతాదా అన్నా?"

"పడేదానికేం, పడతాది. ఇంత బరువు మనకెందుకప్పా? బెత్తమే విరిగేటట్టుండాది."

పుల్లన్న, ఎర్రప్ప ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బెత్తం విరిగేటన్ని నీళ్లు. ఎర్రప్ప తలపాగా తీసి ఆ చోట పరిచి, గాలికి పోకుండా దాని మీద రాయి పెట్టాడు. నూర్ అహమ్మద్ అది గమనించలేదు. పగ్గం విప్పుకుని, మేక ఎటు పోయిందో వెతుక్కుంటూ వెళ్లాడు.

శనివారం తెల్లవారేసరికి ఆ తలపాగా ఉన్న చోట గడ్డపారలు పడుతున్నాయి. మధ్యాహ్నానికి తడి ఇసుక, ఆ తర్వాత నీళ్లు. అది చెరువులో అన్నిటికన్నా పల్లం. పక్కనే మడుగు. కోడి గీరినా అక్కడ చెమ్మ తగిలేది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనిది కాదు. కానీ బెత్తం వంగి నీళ్లు పడటం వేరు, ఊరికే పడటం వేరు.

అనుమతి లేకుండా చెరువులో గొయ్యి తవ్వడం నేరం. తవ్వకుండా చూడాల్సినవాడు నూర్ అహమ్మద్. అతను అప్పుడు బంగళా వెనక గదిలో, భార్య ఎదుట, పట్టు పోగుల చివర పట్టుకుని కూర్చున్నాడు.

హబీబా అక్క అమీర్ బీ ధర్మవరంలో పట్టు పేనే ఇంట్లో పని చేస్తుంది. మగ్గం మీద తెగిపోయిన పోగులు మూటగట్టి చెల్లెలికి పంపుతుంది. హబీబా వాటితో జడకుచ్చులు అల్లి సంతలో అమ్ముతుంది. ఆ మూట మొత్తం ఇప్పుడు దారమవుతోంది. నడుమ లావుగా, కొసలు సన్నంగా, పొడుగాటి జడలా. అల్లినంత మేర ఆముదం రాస్తోంది.

"ఇంగ రెండు పోగులు తీయి మే," అన్నాడు నూర్ అహమ్మద్ బెత్తాన్ని ఊపి చూసి.

"ఇప్పటికి మూడు తూర్లు విప్పినా. నా నెత్తిన జడ ఇంత బాగా ఎప్పుడన్నా అల్లుకున్యానా?"

"ఇల్లు మిగలాల గదా."

ఆమె రెండు పోగులు తీసింది.

సాయంత్రం ఆ దారంతో గడప దాటిన నూర్ అహమ్మద్ కట్ట ఎక్కి ఆగిపోయాడు. కట్ట నిండా జనం. ముందు నిలబడినవాడు ఊరి పెద్ద ఓబుళేసు. చేతిలో కనకాంబరాల దండ ఉంది. నూర్ అహమ్మద్ వెనక్కి చూశాడు, ఎవరైనా అధికారి వస్తున్నాడేమోనని. వెనక మేక ఒకటే ఉంది. దండ అతని మెడలోనే పడింది. హనుమంతమ్మ అనే పెద్దావిడ ముందుకు వచ్చి, ఇంజనీరు గారి విలాయతి బెత్తానికి పిడి నుంచి కొస దాకా పసుపు పూసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టింది.

"ఏందిదంతా?" అన్నాడు నూర్ అహమ్మద్.

ఓబుళేసు వేలెత్తి చూపించాడు. దూరంగా గోతిలో నీళ్లు ఎర్రటి ఎండకు మెరుస్తున్నాయి. గోతి ఒడ్డున ఎర్రప్ప తడి బట్టలతో కూర్చుని నవ్వుతున్నాడు.

నూర్ అహమ్మద్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. "అయ్యో, ఇది నీళ్లు చూసే బెత్తం కాదప్పా. చేపలు పట్టేది."

హనుమంతమ్మ ఎండిన చెరువు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసింది.

"ఈడ చేపలు పడతాండావా నాయనా, నిన్నా మొన్నా?"

అందరూ నవ్వారు. ఎండిన మట్టి మీద నిలబడి గాలం విసిరానని చెప్పేవాడిని నూర్ అహమ్మద్ అయినా నమ్మడు.

"చెప్పగూడదని సర్కారు అడ్డం చెప్పినట్టుండాది. ఆయప్పను యాల సతాయిస్తారు?" అని ఓబుళేసు అందరినీ వారించాడు. "నువ్వేం చెప్పొద్దులే నూరూ. ఊరికే ఇసురు. పడింది మేం చూసుకుంటాం."

విసరకుండా వెనక్కి పోయి ఉండాల్సింది. కానీ తెల్లవారితే ఆదివారం. దారం కుదిరిందో లేదో ఇంకా చూడలేదు. నూర్ అహమ్మద్ దిగాడు. మెడలో దండతోనే చెయ్యి ఎత్తాడు.

బెత్తం నిద్ర లేచింది.

పట్టుదారం వెనక్కి పోయి, గుట్టల మీది వెలుగులో నిటారుగా నిలిచి, ఒక్క క్షణం ఏ తొందరా లేనట్టు ఆగింది. ఆ బరువు బెత్తంలో నుంచి అతని మణికట్టులోకి, అక్కడి నుంచి భుజంలోకి పాకింది. చెయ్యి ముందుకు వచ్చింది. దారం చుట్టలా మడత పడి, ఆ మడత విప్పుకుంటూ, విప్పుకుంటూ, ఆకాశంలో సన్నటి వాగులా పారింది. చప్పుడు లేదు. చిట్టచివర కొస మెల్లగా తిరగబడి, నేల మీద ఎక్కడో వాలింది. మట్టి మీద నీలం అల లేచినట్టే అనిపించింది అతనికి. కొంగ ఒక్క అడుగు పక్కకు జరిగింది.

తర్వాత పుల్లన్న నడుచుకుంటూ పోయి, దారం కొస వాలిన చోట గడ్డపార దించాడు.

నూర్ అహమ్మద్ మళ్లీ విసిరాడు. ఆపాలని తెలుసు. చెయ్యి వినలేదు. ఇన్నేళ్లూ బుట్ట మోస్తూ పక్క నుంచి చూసింది ఇప్పుడు తన చేతిలో నుంచే పుడుతోంది. దారం లేస్తోంది, పారుతోంది, వాలుతోంది. వాలిన చోటికల్లా ఎవరో ఒకరు పరుగెడుతున్నారు.

"ఇంగ చాలప్పా," అని కట్ట మీద నుంచి హబీబా పిలిచింది. "వాండ్లు చెరువంతా తవ్వుతాండారు."

"ఇంకొక్కటి మే."

పొద్దు గుంకేసరికి చెరువు, శనక్కాయ పీకిన చేనులా తయారైంది.

ఆదివారం పెద్ద ఇంజనీరు జీపు దిగి కట్ట మీద నిలబడ్డాడు. తూము చుట్టుపక్కల గోతుల్లో తేట నీళ్లు, వాటి నుంచి బిందెలు ముంచుకుపోయే ఆడవాళ్లు, ఒడ్డున కొత్తగా గడ్డపార దించేవాళ్లు. ఇంకొంచెం దూరాన ఉత్త గోతులు. ఆయన దవడ బిగుసుకోవడం నూర్ అహమ్మద్ చూశాడు. వరండా వెనక హబీబా అప్పుడే వంటసామాను గోతాంలో వేయడం కూడా చూశాడు.

"నా రాడ్డు ఏది?" అన్నాడు ఇంజనీరు.

నూర్ అహమ్మద్ అందించాడు. ఇంజనీరు కుంకుమ బొట్లు చూశాడు. పసుపు వాసన చూశాడు. ఏదో అనబోయి, దారాన్ని వేళ్ల మధ్య నలిపి, అనబోయింది ఆపేశాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి మడుగు వైపు నడిచాడు. ఊరంతా ఆయన వెనక నడిచింది.

ఒక్క విసురుకే ఆయన మొహం మారింది. రెండో విసురుకు ఇంజనీరు కాస్తా కుర్రవాడైపోయాడు. పట్టుదారం మడుగు మీద ఆవిరిలా సాగి, ఈక ఈగను నీటి మీద ఆకులా దించింది. నీళ్ల కింద నల్లటి నీడ ఒకటి తిరిగింది. ఈగ మాయమైంది. బెత్తం అర్ధచంద్రంలా వంగి వణికింది.

"పడింది," అన్నాడు ఇంజనీరు ఊపిరి బిగబట్టి.

జనంలో ఎవరూ కదల్లేదు. ఎర్రప్ప వినయంగా దగ్గరికి వచ్చాడు.

"ఆడ నీళ్లుండేది మాకు తెలుసు సార్. కండ్లకు కనపడతానే ఉండాయి గదా."

"పెద్ద సారు గదా, అట్లనకు," అని పుల్లన్న అతన్ని వెనక్కి లాగాడు. "కొత్తలో ఎవురికైనా అంతే. నేర్చుకుంటాడులే."

ఇంజనీరు ఆ మాటలు విన్నాడో లేదో తెలియదు. ఆయన కొరమీనుతో పోరాడుతున్నాడు. అది ఆయన మోచేతి దాకా ఉంది. దాన్ని ఒడ్డుకు లాగి, రెండు చేతులా ఎత్తి, అందరి వైపూ తిరిగి నవ్వాడు. ఊరి జనం గౌరవానికి కొంచెం నవ్వారు.

వరండాలో కూర్చున్నాక ఆయన అడిగాడు. "ఈ లైను ఎవరు చేశారు?"

"మా ఇంటామె అల్లింది సార్. బరువు నేను చూసినా."

"మద్రాసులో కొన్న లైను కూడా నా రాడ్డుకు ఇంతగా కుదరలేదు. ఇక్కడ బంగళా లేకపోతే ఎలా? తీసేసే ప్రశ్నే లేదు. ఇక నెలకోసారి వస్తాను."

తలుపు వెనక గోతాంలో నుంచి గిన్నెలు బయటికి తీస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు ఆ గోతుల సంగతి చెప్పు," అన్నాడు ఇంజనీరు.

నూర్ అహమ్మద్ ఏదీ దాచకుండా చెప్పాడు. టిఫిన్ బుట్ట సంగతి కూడా చెప్పాడు. ఇంజనీరు కోప్పడలేదు. నవ్వనూ లేదు. ఎదురుగా కనిపిస్తున్న చెరువు వైపు చూశాడు. అక్కడ ఓబుళేసు రేపు తవ్వే వరస ఎవరిదో తేలుస్తున్నాడు.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతాను. వాళ్లు నమ్ముతారా?"

"నమ్మరు సార్."

"నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్లూ తవ్వడం ఆపుతారా?"

"ఆపరు సార్."

"ఇంకో నెలకు తూము పునాది దాకా వస్తారు. అది కూలితే వాన పడినా నీళ్లు నిలవవు, నాకు చేపా ఉండదు." ఇంజనీరు లేచాడు. "నిన్ను విడపనకల్లుకు వేస్తున్నాను. రోడ్డు పక్కన మన డిపార్ట్‌మెంటు గోదాము ఉంది. కావలి ఉండు. అక్కడ చెరువు లేదు. మంచి పనివాడివి, నీ మీద నాకేం కోపం లేదు."

తలుపు వెనక గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి గోతాంలోకి.

"బంగళా నిలబడింది," అంది హబీబా ఆ సాయంత్రం మూట బిగిస్తూ. "మనల్నే పీకినారు."

జిల్లాకు ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం. అనంతపురంలో బస్సు మారారు. ఉరవకొండ దాటాక నేల నల్లబడింది, గుట్టలు వెనకబడ్డాయి, కనుచూపు మేర చెట్టు లేదు. నూర్ అహమ్మద్ కిటికీకి తల ఆనించి కళ్లు సగం మూశాడు. ఆ నల్లటి నేల మీద ఒక సన్నటి వాగు గాలిలో లేచి, మడత విప్పుకుంటూ బస్సు పక్కనే పారింది. కుడిచెయ్యి ఒళ్లో దానంతట అదే కదిలింది. హబీబా చూసింది.

విడపనకల్లులో బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఊరంతా నిలబడి ఉంది. కొందరి చేతుల్లో పారలు, ఒకరి చేతిలో దండ, గోదాము గోడకు ఆనించి పొడుగాటి వెదురు బెత్తాలు. జీపు డ్రైవర్లకు జిల్లాలో పోని ఊరంటూ ఉండదు.

తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, తనకల్లులో నీళ్లు చూసిన నూర్ సాయిబు ఈ బస్సులో వస్తాండాడంట. మీలో ఎవురు?"

నూర్ అహమ్మద్ నోరు తెరిచాడు. హబీబా మోచేత్తో పొడిచింది.

"ఆయప్ప ఉరవకొండలోనే దిగిపాయ," అందామె. తర్వాత కండక్టర్ వైపు తిరిగింది. "అన్నా, రెండు బళ్లారి ఇయ్యి."

బళ్లారి పక్కన తుంగభద్ర కాలువ పారుతోందని ఆమె విన్నది. నీళ్లున్న చోట నీళ్లు చూసేవాడితో ఎవరికీ పని పడదు.